తొలి ఆకు

ఆ మార్చి నెలలో మా ఇంట్లో ఎండ కాసే చోటు ఒక్కటే ఉండేది. అది బల్లి గాజుపెట్టె.

స్కార్‌బరోలో పద్నాలుగో అంతస్తు మాది. కిటికీ అవతల మంచు పడుతోందో ఆగిందో తెలియని తెల్లదనం. ఇవతల, హాల్లో, టీవీ పక్కన బల్ల మీద రెండడుగుల గాజుపెట్టె. అందులో నాలుగు రాతి పలకలు, బోర్లించిన కుండపెంకు ఒకటి, పైన వెచ్చని దీపం. ఆ దీపం కింద జిలేబీ పడుకునేది. పసుపుపచ్చని ఒళ్లు, నల్ల చుక్కలు, లావుపాటి తోక. మన గోడబల్లిలా గోడలెక్కదు. దీనికి రెప్పలుంటాయి. నిద్ర వస్తే మనలాగే కళ్లు మూసుకుంటుంది. సాయంత్రం నాలుగున్నరకే చీకటి ముసిరే డిసెంబరు నుంచీ నేను దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. చూస్తూ చూస్తూ ఉంటే ఆ పలకలు హిందూపురం దగ్గరి మా చేని బండలయ్యేవి. మధ్యాహ్నమయ్యేది. కాళ్ల వంక చూసుకుంటే ఉన్ని మేజోళ్లు ఉండేవి.

జిలేబీ నా మనవరాలు స్పందనది. పదకొండేళ్లు దానికి. బల్లిని కొనిచ్చింది వాళ్ల నాన్న కిరీటి. కొనిచ్చిన రెండు నెలలకు ఉద్యోగమని మాంట్రియల్ వెళ్లాడు. రెండేళ్లయింది. ప్రతి ఆదివారం ఫోన్‌లో కనబడి, మొదట "జిలేబీ ఏం చేస్తోంది?" అని అడిగేవాడు. ఆ సమయానికి నా కూతురు ఝాన్సీ బట్టల బుట్ట పట్టుకుని కింద వాషింగ్ మెషీన్ల గదికి వెళ్లిపోయేది. అది మొగుడూ పెళ్లాల అలక అనుకున్నాను. రెండేళ్ల అలక ఉంటుందా అంటే, మా వైపు పదేళ్లవి చూశాను.

మార్చి సెలవులకు కిరీటి వచ్చి స్పందనను తీసుకెళ్లాడు. పైకి రాలేదు. కింద కారులోనే కూర్చున్నాడు. పిల్ల బూట్లు తొడుక్కుంటూ నాకు పని అప్పగించింది.

"అవ్వా, రోజూ సిక్స్ క్రికెట్స్. కాల్షియం పౌడర్‌లో వేసి షేక్ చెయ్. ట్వెంటీ మినిట్స్ తర్వాత మిగిలినవి తీసెయ్యాలి. ప్రామిస్?"

"ఆరేనా? దాని కడుపు నిండుతాదా?"

"అవ్వా, షీ ఈజ్ ఎ గెకో. చుట్టం కాదు."

క్రికెట్లంటే కీచురాళ్లే. బాల్కనీ తలుపు పక్కన ప్లాస్టిక్ డబ్బాలో, గుడ్ల అట్టల సందుల్లో ఉండేవి. కారెట్ ముక్కలు కొరుకుతూ, పొద్దుగూకగానే పాట ఎత్తుకునేవి. ఝాన్సీకి అవంటే ఒళ్లు జలదరింపు. ఒకసారి ఒకటి తప్పించుకుని కందిపప్పు డబ్బా వెనక చేరితే, రెండు రోజులు వంటింట్లోకి బూట్లు వేసుకుని వచ్చింది. నాకు మాత్రం ఆ పాట లేకపోతే ఈ ఊళ్లో సాయంత్రమైనట్టే ఉండదు.

మొదటి రెండు రోజులు జిలేబీ బాగా తిన్నది. మూడో రోజు దాని ఒళ్లు పాలిపోయింది. పిండి చల్లినట్టు తెల్లగా అయి, కుండపెంకు కింద దూరింది. ఆరు కీచురాళ్లు వేశాను. రాలేదు. ఇరవై నిమిషాలు గడిచాయి. డబ్బా మూత పట్టుకుని పెట్టె దాకా వెళ్లాను, తీయబుద్ధి కాలేదు. వడ్డించిన విస్తరిని తినకముందే ఎత్తేయడం మా ఇళ్లలో లేదు. ఆకలేసినప్పుడు తింటుందిలే అనుకున్నాను. మర్నాడు ఇంకో ఆరు వేశాను. ఆ మర్నాడు ఇంకో ఆరు.

ఆరో రోజున జిలేబీ బయటికి వచ్చింది. కొత్త చర్మం మెరుస్తోంది. వెనక కాలి వేళ్లు రెండు ఎర్రగా, సగం సగం ఉన్నాయి. తోక కొసన పుండు. దాని చుట్టూ, తిండికి పిలిస్తే వచ్చినవాళ్లలా, కీచురాళ్లు కూర్చుని ఉన్నాయి.

అప్పుడు అర్థమైంది. అన్ని రోజులూ అది పొర విడుస్తూ ఉండింది, తినకుండా మిగిలిన కీచురాళ్లు దాన్నే కొరికాయి. ముప్పై ఏళ్లు పట్టుపురుగులు పెంచినదాన్ని. పట్టుపురుగు నాలుగుసార్లు పొర విడుస్తుంది. దాన్ని మేము జ్వరం అంటాము. జ్వరానికి కూర్చున్న పురుగును కదిలించకూడదు, మేత వేయకూడదు. ఈ మాట చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లకు చెప్పి చెప్పి నా గొంతు అరిగింది. నా కళ్ల ముందు తెల్లబడిన ప్రాణిని నేనే గుర్తుపట్టలేదు.

స్పందన తిరిగొచ్చి పెట్టెలోకి చూసింది. ఏడవలేదు. నన్నేమీ అనలేదు. గదిలోకి వెళ్లి, కాసేపటికి ఒక కాగితం తెచ్చి గాజుకు అంటించింది. పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు. "అవ్వా వద్దు."

నాకు తెలుగు చదవడం వస్తుందని దానికి తెలుసు. ఆదివారం పొద్దున లైబ్రరీ గదిలో రామమోహనరావు గారు పిల్లలకు తెలుగు చెబుతారు. దాన్ని తీసుకెళ్లి వెనక కూర్చుంటూ కూర్చుంటూ నేనూ పలక పట్టాను. మా ఇద్దరిదీ ఒకే వాచకం. ఒత్తుల్లో అది నాకంటే ముందుంది.

*

పుండు మానింది. కానీ జిలేబీ తినడం మానేసింది. కీచురాయి కాలు కదిపిన చప్పుడుకే పెంకు కిందికి పరుగెత్తేది. స్పందన రోజూ సాయంత్రం దాన్ని వంటింటి త్రాసు మీద కూర్చోబెట్టి కాగితం మీద రాసుకునేది. యాభై నాలుగు గ్రాములు. యాభై. నలభై ఆరు. లావుగా ఉండే తోక చిక్కుడుకాయలా అయింది.

డాక్టరమ్మ దాన్ని అరచేతిలో తిప్పి చూసి, తోకలోనే దాని కొవ్వంతా ఉంటుందని, అది అయిపోతే బతకదని చెప్పింది. మెత్తగా, నెమ్మదిగా కదిలే మేత పెట్టి చూడమంది. ఝాన్సీ ఆ మాటలన్నీ నాకు తెలుగులో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది.

"ఏం పెట్టమంటోంది?"

"సిల్క్‌వార్మ్స్ అంట, అమ్మా."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముందు ఝాన్సీ నవ్వింది. ఆ చలికాలమంతా అది నవ్వగా చూడలేదు. డాక్టరమ్మకు ఏమీ అర్థం కాలేదు.

అంగళ్లలో పురుగులు దొరకలేదు. గుడ్లు తెప్పించాం. కవరులో చిన్న గాజుబిళ్ల, దానికి అంటుకుని గసగసాలంత గుడ్లు, రెండు వందలు. వాటితోపాటు ఎండిన మల్బరీ ఆకు పొడి. మంచు కింద ఆకెక్కడిది, ఈ పొడినే వేడినీళ్లలో ఉడికించి, ముద్ద చేసి, తురిమి వేయాలట. నీళ్లు పోయగానే వాసన లేచింది. నేను స్టవ్ దగ్గర నిలబడే ఉన్నాను, కానీ ఎంతసేపు ఎక్కడ ఉన్నానో తెలియదు. మా పురుగుల షెడ్డు తలుపు తీసినట్టు, తడి గోనెపట్టాలు తగిలినట్టు, ఎవరో లోపలి నుంచి "చెప్పులు బయట" అని అరిచినట్టు. ముద్ద అడుగంటాక ఝాన్సీ వచ్చి స్టవ్ ఆపింది.

సగం గుడ్లు ఫ్రిజ్‌లో, ఆవకాయ సీసా వెనక పెట్టాను. అన్నీ ఒకేసారి పొదిగిస్తే అన్నీ ఒకేసారి పోతాయి. మిగిలిన వంద జిలేబీ పెట్టె పక్కన, వెచ్చగా ఉండే చోట పెట్టాను. ఎనిమిది రోజులకు గుడ్లు నీలంగా తిరిగాయి. ఝాన్సీ నల్ల స్కార్ఫ్ అడిగి తీసుకుని కప్పాను.

"వై?" అంది స్పందన.

"చీకట్లో ఉంచి, ఒక్కసారిగా వెలుతురు చూపించాల. అప్పుడు అన్నీ కలిసి పుడతాయి. లేకుంటే ఒకటి ఇయ్యాల, ఒకటి రేపు. అన్నిటికీ ఒకేసారి ఆకలేయాల, ఒకేసారి జ్వరం రావాల. అదీ సంసారం."

"లైక్ ఎ సర్‌ప్రైజ్ పార్టీ."

"అంతే."

*

ఏప్రిల్ మొదట్లో ఒక శనివారం. ఝాన్సీకి ఆ రోజు డ్యూటీ ఉంది. ఎనిమిదింటికి స్కార్ఫ్ తీశాను. తొమ్మిదిన్నరకల్లా గాజుబిళ్ల నిండా నల్లని నూలుపోగు ముక్కలు తలలెత్తి ఊగుతున్నాయి. స్పందన ముద్ద, తురుముపీట పట్టుకుని సిద్ధంగా ఉంది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"మీ అమ్మ రానీ."

మా ఇంట్లో తొలి ఆకు ముత్తైదువ వేయాలి. తట్టకు పసుపూ కుంకుమా పెట్టి, లేతాకు సన్నగా తరిగి, ఆమె చేత్తో చల్లాలి. ఆ పంటకు ఆమె పేరే. ఇరవై రెండేళ్లు మా షెడ్డులో అన్నీ నా పేరు మీద సరోజ పంటలే. నా భర్త పోయిన మూడో నెలలో కొత్త గుడ్లు వచ్చాయి. నన్నెవరూ పక్కకు పొమ్మనలేదు. నేనే గడప ఇవతల నిలబడ్డాను. నా తోడికోడలు కమలకుమారి లోపలికి వెళ్లింది. ఆ తర్వాత ఆకు కోసింది నేనే, తట్టలు కడిగింది నేనే, గూళ్లు మూట కట్టి మార్కెట్‌కు మోసింది నేనే. తొలి ఆకు మాత్రం కమలది. ఎనిమిదేళ్లు కమల పంటలు.

"అమ్మ ఎప్పుడొస్తుంది?"

"రెండుకు."

రెండుకు రాలేదు. బయట వానా మంచూ కలిసి పడి రోడ్లు గాజయ్యాయి. బస్సులు ఆగాయి. హీటర్ గాలి పొడిగా కొడుతోంది. పురుగులు బిళ్ల అంచు మీదికి పాకి, తలలు ఇటూ అటూ తిప్పి, కింద పడి, మళ్లీ పాకుతున్నాయి.

"అవ్వా, దే ఆర్ హంగ్రీ."

"ఒక్క రవ్వ ఆగు. మీ అమ్మ బస్సు ఎక్కిందంట."

"యూ సెడ్ దట్ బిఫోర్."

చెప్పాను నిజమే. నాలుగింటికి అంచున ఉన్నవి కదలడం తగ్గింది. స్పందన కిటికీ దగ్గరికి వెళ్లి నాకు వీపు పెట్టి నిలబడింది.

ఐదు దాటాక తలుపు తెరుచుకుంది. ఝాన్సీ కోటు నిండా తడి. నేను కుంకుమ భరిణె పట్టుకుని ఎదురెళ్లాను.

"కాళ్లు కడుక్కుని రా. తొలి మేత నువ్వే వెయ్యాల."

"నేనెందుకు? స్పందన వేసేయాల్సింది."

"పెళ్లి కాని పిల్ల. నేను చూస్తే ఇట్లుంటి. ఈ ఇంట్లో ముత్తైదువవు నువ్వే కదే."

ఝాన్సీ చెప్పుల స్టాండ్ పక్కన స్టూలు మీద కూర్చుని ఒక బూటు విప్పింది. రెండోది విప్పలేదు.

"అమ్మా, డివోర్స్ వచ్చేసింది. నెల దాటింది. మార్చి బ్రేక్‌కి ముందే పేపర్స్ వచ్చాయి."

స్పందన కిటికీ వైపు నుంచి తిరగలేదు. దానికి తెలుసు. మాంట్రియల్‌లో ఆ వారమే చెప్పి ఉంటారు. ఆ వారం తిరిగొచ్చి, బల్లి కాలి వేళ్లు చూసి, నన్ను ఒక్క మాటా అనని పిల్ల.

"నాకు యాల చెప్పలేదే?"

ఝాన్సీ నా చేతిలోని భరిణె వంక చూసింది.

"ఇదిగో, ఇలా నిలబడతావనే."

బూటు కింద మంచు కరిగి చిన్న మడుగైంది. అప్పుడు స్పందన వచ్చింది. ఎవరినీ అడగకుండా ముద్ద తీసుకుని తురిమింది. ఆకుపచ్చని తురుము పురుగుల మీద మెల్లగా రాలింది. చాలా పురుగులు అప్పటికే అంచుకు అంటుకుని ఎండిపోయాయి. మేత మీదికి పాకినవి ముప్పై ఎనిమిది. అవి స్పందనే లెక్కపెట్టింది. తర్వాత తట్టకు ఒక టేపు ముక్క అంటించి, నా వైపు తిరిగి, "టేప్ మీద ఏం రాయాలి?" అని అడిగింది.

"తేదీ రాయి. పక్కన నీ పేరు రాయి. ఇది స్పందన పంట."

భరిణెను దేవుడి అరలో పెట్టేశాను.

*

ముప్పై ఎనిమిదింటిలో ఒక్కదాన్నీ పోనివ్వలేదు. తట్ట చుట్టూ తడిగుడ్డ పేలికలు పరిచాను. పూటకో తురుము వేశాను. మూడో రోజుకు మొదటి జ్వరం వచ్చింది. పురుగులు తినడం ఆపి, తలలు పైకెత్తి, దేనికోసమో వింటున్నట్టు బిగుసుకుపోయాయి.

"దే హావ్ ఫీవర్?" అని స్పందన గుసగుసగా అడిగింది.

"ఊఁ. ముట్టుకోవద్దు. పలకరించొద్దు. పొర విడిచినాక వాటంతట అవే దిగొస్తాయి."

ఆ రోజుల్లో ఝాన్సీ ఇంటికి రాగానే బాల్కనీ తలుపు దగ్గర కూర్చునేది. గాజు అవతల ఏమీ ఉండదు, ఎదురు బిల్డింగు కిటికీలు తప్ప. తల కొంచెం పైకెత్తి అలాగే ఉండేది. నాకు అడగాలని ఉండేది. ఎవరిది తప్పు, ఎప్పటి నుంచి, ఇంకెవరికి తెలుసు. ఒకసారి నోటి దాకా వచ్చింది. తట్ట వంక చూసి ఊరుకున్నాను. టీ పెట్టి దాని చేతికి అందేంత దూరంలో ఉంచి, వెళ్లి కారెట్లు తరుక్కున్నాను. పెట్టిన టీ ఒక్కోసారి చల్లారేది. ఒక్కోసారి కప్పు ఖాళీ అయ్యేది.

మూడో జ్వరం దాటేసరికి పురుగులు వేలి కణుపంత అయ్యాయి. తెల్లగా, చల్లగా, ముట్టుకుంటే చెవి తమ్మెలా ఉన్నాయి. త్రాసు మీద జిలేబీ ముప్పై ఏడు గ్రాములు.

ఆ సాయంత్రం స్పందన ఒక సీసా మూతలో రెండు పురుగులు పెట్టి గాజుపెట్టెలో ఉంచింది. గాజు మీద కాగితం ఇంకా ఉంది. నేను కుర్చీలో కూర్చున్నాను. ఝాన్సీ వెనక నిలబడింది. ముప్పై ఏళ్లు గూటి కోసం పెంచాను వీటిని. గూళ్లను మరిగే నీళ్లలో వేస్తారని తెలిసీ పెంచాను. ఇప్పుడు నోటి కోసం. పురుగుకు ఆ తేడా తెలియదు. నాకూ పెద్దగా తెలియలేదు.

పెంకు కింది నుంచి ముందు ముక్కు వచ్చింది. తర్వాత కళ్లు. పురుగు మూత అంచు మీదికి నెమ్మదిగా పాకింది. అది ఎగరలేదు, చప్పుడు చేయలేదు. జిలేబీ తోక కొస, మచ్చ ఉన్న చోటే, సన్నగా వణికింది. తల వంచింది. పురుగు లేదు. రెప్పలు మూసి మింగింది.

స్పందన చప్పట్లు కొట్టలేదు. ఊపిరి వదిలింది. ఇరవై నిమిషాలు చూశాం. రెండోది తినలేదు.

"అవ్వా, మిగిలింది తీసెయ్," అంది.

నా చేత్తో తీసి తట్టలో వేశాను. గాజు మీది కాగితం స్పందనే పీకేసింది.

ఆ ఆదివారం ఫోన్‌లో కిరీటి "జిలేబీ ఏం చేస్తోంది?" అన్నాడు. "తింటోంది, నాన్నా," అని స్పందన తెలుగులో చెప్పింది. ఝాన్సీ ఆ రోజు కిందికి వెళ్లలేదు. సోఫాలో కూర్చుని బట్టలు మడతపెట్టుకుంది. "నలభై గ్రాములకు వచ్చింది," అని ఫోన్ వైపు చూడకుండానే అంది. "థాంక్స్, ఝాన్సీ," అన్నాడు కిరీటి.

*

మే నెల మూడో వారానికి స్పందన పంట అయిపోవచ్చింది. ఆవకాయ సీసా వెనకున్న గుడ్లు బయటికి తీశాను.

ఒక సాయంత్రం బస్‌స్టాపు వెనక, పార్కింగ్ కంచె వెంబడి నడుస్తున్నాను. కంచెలోంచి ఒక కొమ్మ నా భుజానికి తగిలింది. ఒకే కొమ్మకు ఒక ఆకు గుండ్రంగా, ఒకటి చీలికలుగా. తుంచితే తొడిమ దగ్గర పాలు. ఇరవైసార్లు ఆ దారిన పోయి ఉంటాను. మంచులో అదొక ఎండుకట్టె.

"సరోజమ్మ గారూ, ఏం కోస్తున్నారు?" రామమోహనరావు గారు, చేతిలో పాల క్యాను.

"మల్బరీ అండీ."

"తినేదేనా?"

"తినేదే. మనం కాదు."

గుడ్లు నీలం తిరిగాయి. మళ్లీ స్కార్ఫ్ కప్పాను. ఆ పొద్దున ఝాన్సీకి సెలవు. ఎండ మొదటిసారి బాల్కనీ దాటి బల్ల దాకా వచ్చింది. గాజుపెట్టెలో దీపం ఆపేసి ఉంది, అవసరం లేక. స్కార్ఫ్ తీశాను. పురుగులు అప్పటికే తలలెత్తి ఉన్నాయి.

లేతాకును చుట్టి, పోగులు పోగులుగా తరిగాను. ముప్పై ఏళ్ల అలవాటు, చూడకుండానే తరుగుతుంది చెయ్యి. తరగడం అయిపోయింది. ఆకు గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాను.

"అవ్వా," అంది స్పందన, "అమ్మ రావాలా?"

ఝాన్సీ వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. తలుపు దగ్గరికి కూడా రాలేదు.

"అమ్మా, ఎండ ఎక్కితే ఆకు వాడిపోతుంది," అంది అక్కడి నుంచే.

నా గుప్పిట తెరిచాను. ఆకు పురుగుల మీద పడింది. ఒకటి తల తిప్పింది. పక్కది పాకింది. కాసేపటికి నల్లని పోగులన్నీ పచ్చలోకి ఎక్కి కనబడకుండా పోయాయి. పెట్టెలో జిలేబీ ఒక కన్ను తెరిచి మూసుకుంది.

స్పందన టేపు చింపి నా ముందు అంటించి, పెన్ను ఇచ్చింది. ఆలోచించాల్సింది ఏమీ లేదు. తేదీ వేసి, పక్కన నా పేరులోని మూడక్షరాలు రాశాను.